ఫ్లై కట్టుటకు వైసు ఎంపిక – కొనుటకు ముందు తెలియవలసిన సంగతులు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేదిలో గాలపు వేట కొత్త విద్య కాదు. కొక్కేనికి వానపామునో పిండిముద్దనో గుచ్చి, నెమలి ఈక కాడను బెండుగా కట్టి, కాలువ గట్టున తుమ్మచెట్టు నీడలో గంటల తరబడి కూర్చొనువారు కవితాళ చుట్టుపట్ల ప్రతి ఊరిలోను కనిపింతురు. కొత్తగా వచ్చినది వేరొకటి. ఎరకు బదులు ఈకలు, ఉన్ని, దారము కొక్కెము మీదనే చుట్టి, దానిని పురుగు వలెనో, చిన్నచేప వలెనో, కప్పపిల్ల వలెనో రూపొందించి చేపను మోసగించు విధానమిది. ఇట్లు కట్టిన కృత్రిమపు ఎరను ఫ్లై అందురు. దానిని కట్టునంతసేపు కొక్కెమును కదలక పట్టియుంచు పరికరమే వైసు.

లేత్ షెడ్డులలోను, వడ్రంగి బల్లల మీదను ఉండు పెద్ద బెంచి వైసును మన పాఠకులందరు ఎరుగుదురు. ఫ్లై వైసు దానికి తమ్ముని వంటిది. దాని దవడలు పెన్సిలు మొనవలె సన్నగా ఉండును. అవి పట్టవలసినది ఇనుప కడ్డీని కాదు, గుండుసూదికన్న కొంచెము లావైన తీగను. పని చిన్నదే కదా యని తేలికగా తీసికొన్నవారు నష్టపోవుటను నేను చూచితిని. ఆ నష్టపోయినవారిలో నేనును ఒకడను.

వైసు లేకుండ ఫ్లై కట్టలేమా యని కొందరడుగుదురు. కట్టవచ్చును. క్రీస్తుశకము రెండుమూడు శతాబ్దుల నాటి రోమను రచయిత ఏలియన్, మాసిడోనియాలో ఒక నదిపై వేటాడువారు కొక్కేనికి ఎర్రని ఉన్ని చుట్టి, కోడి గంటము క్రింది ఈకలు రెండు కట్టి చేపలు పట్టుచుండిరని వ్రాసినాడు. వారికి వైసులు లేవు. తరువాత పదిహేను వందల యేండ్లకు పైగా యూరపులో ఈ పని అంతయు వ్రేళ్ళతోనే సాగినది. పందొమ్మిదవ శతాబ్దములో గాని వైసు వాడుక వ్యాపింపలేదు. ఇరువదవ శతాబ్దములో కూడ లీ వుల్ఫ్ అను అమెరికను వేటగాడు అతిచిన్న కొక్కెములపైన సైతము వైసు లేకుండ వ్రేళ్ళతోనే కట్టి చూపెడివాడు. అయితే అది నేర్పరి సంగతి. నేర్చుకొనువానికి రెండు చేతులును ఖాళీగా ఉండవలెను. ఒక చేయి కొక్కేనికి బందీ అయినచో రెండవ చేయి ఈకను పట్టునా, దారమును లాగునా?

మన దేశములో ఈ వేటకు గ్రంథస్థమైన చరిత్ర కొంత కలదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును, అటుపిమ్మట చెరువులలో గాలపు వేటను గూర్చి ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అను గ్రంథమును వెలువరించెను. దక్షిణ కన్నడ జిల్లా నదులలో మహసీరు చేపను ఆయన వేటాడినాడు. నీలగిరులలో అవలాంచి వద్ద ట్రౌటు చేపల ఉత్పత్తి కేంద్రమును 1907లో నెలకొల్పినది మొదలు ఆ కొండవాగులలో ఫ్లై వేట సాగుచు వచ్చినది. ఈ వేటకు సంబంధించిన పరికరాలు, పుస్తకాలు అన్నియు చల్లని దేశముల ట్రౌటును దృష్టిలో ఉంచుకొని తయారైనవే. వాటిని చదివి మన కాలువకు వైసు కొనుట, కాశ్మీరు చలికోటు కొని సింధనూరులో తొడుగుకొనుట వంటిది.

మన నీటికి ఏ కొక్కెములు?

వైసును ఎంచుటకు ముందు కొక్కెమును ఎంచవలెను. ఈ క్రమమును తలక్రిందులు చేయుటయే తొలి తప్పు.

కొక్కెముల కొలతలో ఒక విచిత్రమున్నది. అంకె పెరిగిన కొలది కొక్కెము చిన్నదగును. పదహారవ నంబరు కొక్కెము చీమంత ఎరకు, ఆరవ నంబరు మిడుతంత ఎరకు చాలును. ఒకటి దాటిన పిమ్మట లెక్క మారును. 1/0, 2/0, 3/0 అని వ్రాసి, ‘ఒకటి సున్న’, ‘రెండు సున్న’ అని చదువుదురు. అచట అంకె పెరిగిన కొలది కొక్కెము పెద్దదగును. 1832లో స్థాపితమైన నార్వే దేశపు మస్టాడ్ సంస్థ కొక్కెములు మన చేపల వేట దుకాణాలలో చిరపరిచితములు. వాటి పెట్టెల మీద ఈ అంకెలే ఉండును.

తుంగభద్ర ఎడమగట్టు కాలువ పొడవు 227 కిలోమీటర్లు. 1953లో ఆనకట్ట నుండి నీరు వదలిన పిదప గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా జిల్లాల నుండి రైతులు తరలివచ్చి క్యాంపులు వేసికొని వరి పండించిరి. కొరమేనును గాలమునకు పట్టు మోజు కూడ వారితోనే వచ్చినదని మా పెద్దలనెడివారు. అది ఎంతవరకు నిజమో గాని, నేటికిని పంటబోదెలలోను, కాలువ పక్కన నిలిచిన మడుగులలోను వేటగాని మనస్సు మొదట పోవునది కొరమేను మీదికే. అది నీటిపై కదలు కప్పను చూచి ఎగిరి పట్టును. దానికి కట్టు కప్ప ఫ్లైకి 4వ నంబరు నుండి 2/0 వరకు కొక్కెములు కావలెను. జిలేబీ చేపకు 8 నుండి 12 వరకు సరిపోవును. పరిగెలు మొదలగు చిన్న చేపలకు 12, 14 చాలును. కృష్ణలోను తుంగభద్రలోను దక్కను మహసీరు ఉన్నది గాని అది అందరికి దొరకు చేప కాదు. దానిని కోరువారికి 6 నుండి 2/0 వరకు గట్టి తీగ కొక్కెములు అవసరము.

దీనిని బట్టి మనకు కావలసినది 14 మొదలు 2/0 వరకు పట్టగల వైసు. ప్రకటనలలో ‘ఇరువది యెనిమిదవ నంబరును సైతము పట్టును’ అని చదివి మురిసిపోనక్కరలేదు. అంత చిన్న కొక్కెము ఈ జిల్లాలో ఏ చేపకును పనికిరాదు. అతిసన్నని దవడలకు మీరు చెల్లించు అదనపు సొమ్ము వృథాయే గాక, ఆ దవడలలో 2/0 కొక్కెము బిగించినచో అవి విరియవచ్చును కూడ.

దవడలు: అసలు విషయమంతయు ఇచటనే

ఒక వైసును చేతికి తీసికొన్నప్పుడు చాలమంది దాని మెరుగును, తిరుగు మొండెమును చూతురు. చూడవలసినది దవడలను. వాటిని మూయు పద్ధతులు ముఖ్యముగా మూడు.

మొదటిది కాలెట్ పద్ధతి. లేత్ పనివారికి ఈ మాట తెలిసినదే. చీలిన ఉక్కు కడ్డీని ఒక గొట్టములోనికి వెనుకకు లాగినచో, ఆ చీలిక మూసికొనును. లాగుటకు వెనుక ఒక క్యామ్ మీట ఉండును. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు ఎల్జిన్ పట్టణమునకు చెందిన థాంప్సన్ సంస్థ వారి ‘మోడల్ ఎ’ వైసు ఈ పద్ధతికి ప్రసిద్ధమైన మాదిరి. లోకములో దీనికి వచ్చినన్ని నకళ్ళు మరి దేనికిని రాలేదేమో. ఆ నకళ్ళలో పెక్కు మన దేశములోనే తయారై విదేశములకు పోవును. అచట మొదటిసారి నేర్చుకొనువారి పెట్టెలలో ఉండు చవుక వైసు తరచుగా భారతదేశపుదే.

ఈ పద్ధతిలో తెలిసికొనవలసిన కిటుకు ఒకటున్నది. కొక్కెపు తీగ లావు మారినప్పుడెల్ల వెనుకనున్న మరను త్రిప్పి దవడల ఎడమును ముందుగా సరిచేయవలెను. మీటను క్రిందికి నొక్కునప్పుడు అది సగము దారిలో బిగియవలెను. ఏ పట్టును లేక చివరిదాక పోయినచో ఎడము ఎక్కువైనదని అర్థము. మొదటనే మొరాయించినచో ఎడము తక్కువైనదని అర్థము. అప్పుడు బలము చూపి మీటను త్రోసితిరా, దవడ చీలును.

రెండవది స్ప్రింగు పద్ధతి. ఇందులో దవడలు ఎప్పుడును మూసియే ఉండును. పిడిని పిసికినప్పుడు తెరచుకొనును, వదలినప్పుడు కొక్కెమును కరచి పట్టును. అమెరికాలోని రీగల్ సంస్థ వైసులు దీనికి పేరుపడినవి. సర్దుబాట్లు లేవు, మరలు లేవు. 14వ నంబరు తీసి వెంటనే 1/0 పెట్టవచ్చును. ఓపిక తక్కువైనవారికిని, వ్రేళ్ళలో కీళ్ళనొప్పులు లేనివారికిని ఇది మేలు. పిడి గట్టిగా ఉండుటచే ముసలివారికి పిసుకుట కష్టము.

మూడవది రెండు పలకల వంటి దవడలను ముందొక మర, వెనుకనొక మర లేదా క్యామ్ చేత బిగించు పద్ధతి. నేటి వైసులలో అధికభాగము ఈ జాతివే. కొన్నింటి దవడలలో లావు కొక్కెములకై చిన్న గాడి ఉండును. కొరమేను వేటగాడు ఆ గాడి ఉన్నదా లేదా యని తప్పక చూడవలెను. సాఫీ దవడల నడుమ లావు తీగ రెండు గీతల మీదనే ఆని ఉండును. గాడిలో అయినచో చుట్టును పట్టు దొరకును.

పట్టు ఎంత ఉండవలెనన్న దానికి కారణము చెప్పెదను. కొక్కెమును దవడలు పట్టునది వంపు వద్ద. మనము దారము లాగునది కన్ను వద్ద. ఈ రెంటి నడుమ దూరము గునపపు కాడ వలె పనిచేయును. కాడ ఎంత పొడవైనచో లాగిన బలము వంపు వద్ద అంత పెరుగును. చిన్న పురుగు ఫ్లైకి దారమును మెల్లగా చుట్టిన చాలును. కప్ప ఫ్లైకి ఉన్నిని, రబ్బరును గట్టిగా అదిమి కట్టవలెను. అప్పుడు కొక్కెము వెంట్రుకవాసి జారినను చుట్లన్నియు వదులగును.

ఉక్కా, ఇనుమా?

ఇచట నా సొంత కథ కొంత చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట పోస్టులో తెప్పించిన చవుక వైసు ఒకటి నాకుండెను. అమ్మినవారి పేరు అనవసరము. మొదటి నెల బాగుగనే పనిచేసినది. రెండవ నెలలో దవడల అంచు మీద కొక్కెపు తీగ అచ్చు పడసాగినది. ఒకనాటి రాత్రి 1/0 కొక్కెము పెట్టి దారము లాగగా, అది జారి విల్లు వదలిన బాణమువలె ఎగిరి నా కళ్ళద్దమునకు తగిలినది. అద్దము మీద గీత పడినది. అద్దమే లేకున్న ఆ గీత ఎచట పడియుండునో వేరుగ చెప్పనక్కరలేదు. నాటి నుండి కళ్ళద్దములు లేక వైసు ముందు కూర్చొనుట మానితిని. చూపు బాగున్నవారు కూడ సాదా అద్దములైనను పెట్టుకొనవలెను. పిల్లలను ఎదురుగా కూర్చుండనీయరాదు.

మరునాడు ఆ వైసును వరి మిల్లుల పనిచేయు ఒక లేత్ మేస్త్రి వద్దకు తీసికొనిపోతిని. గుంటూరు వైపు నుండి వచ్చి స్థిరపడినవాడు, మాకు వరుసకు బాబాయి. ఆయన దానిని అటునిటు త్రిప్పి, ఆకురాయి తీసి దవడ మీద ఒక్కసారి రుద్ది నవ్వినాడు. ‘ఒరే అబ్బాయ్, ఇది ఉక్కు కాదురా, ఉత్త ఇనుము. చూడు, ఆకురాయి ఎట్లా కొరుకుతున్నదో’ అన్నాడు. ‘పదును పెట్టలేమా బాబాయ్?’ అంటిని. ‘పిండి ఉంటే కదా రొట్టె? కార్బను లేని ఇనుముకు నీళ్ళలో ముంచినా నూనెలో ముంచినా పదును పట్టదు’ అన్నాడు.

ఆ ఒక్క పరీక్ష ఏ పుస్తకము కన్నను మేలైనది. పదును పెట్టిన ఉక్కు మీద ఆకురాయి గాజు మీద వలె జారిపోవును. మెత్తని ఇనుము మీద కరచి పట్టి గీత వేయును. దవడ కొసన కాక, కనిపింపని పక్క భాగమున మెల్లగా ఒక్కసారి రుద్ది చూచిన చాలును. దుకాణములో అట్లు చేయనిత్తురా యని అడుగవచ్చును. చేయనీయని చోట కొనకుండుటయే మేలు. పోస్టులో తెప్పించుకొనువారు వెనుకకు పంపు గడువు ముగియక ముందే ఈ పరీక్ష చేసికొనవలెను.

రెండవ పరీక్ష కొక్కెముతో. వంపు క్రింది భాగమున దవడల కొస పట్టునట్లు కొక్కెమును బిగించి, కాడ నేలకు సమాంతరముగ ఉంచి, కన్ను మీద బొటనవ్రేలితో క్రిందికి నొక్కవలెను. కొక్కెము స్ప్రింగువలె వంగి, వదలినంతనే ‘టింగ్’ మని స్వస్థానమునకు రావలెను. మెల్లగా క్రిందికి దిగి అచటనే నిలిచినచో పట్టు లేదని అర్థము. మీరు వాడదలచిన అతిపెద్ద కొక్కెముతోను, అతిచిన్న కొక్కెముతోను రెండుమార్లు చూడవలెను. దుకాణాదారు తన వద్దనున్న మధ్యరకము కొక్కెముతో చూపించి తృప్తిపరచ యత్నించును. మీ కొక్కెములు మీ జేబులో ఉండవలెను.

కొక్కెపు మొనను దవడలలో దాచివేయవలెనని పాతకాలపు సలహా ఒకటి ఉన్నది. దారము మొనకు తగిలి తెగకుండుటకని ఆ సలహా. కాని మొన, ఎదురుముల్లు ఉన్న చోట తీగ సన్నబడి ఉండును. అచట అదిమిపట్టినచో కంటికి కనబడని చీలిక కలుగవచ్చును. చేప లాగినప్పుడు అది విరుగును. వంపును మాత్రమే పట్టి, మొనను బయట ఉంచి, దారమును జాగ్రత్తగా త్రిప్పుటయే నేటి అలవాటు. నా అనుభవమును అదియే.

తిరుగు వైసు అవసరమా?

నేటి ప్రకటనలన్నియు తిరుగు వైసులను గూర్చియే. ఇందులో రెండు రకములను వేరుగ గుర్తింపవలెను. ఒకదానిలో దవడలు తిరుగును గాని కొక్కెపు కాడ గుండ్రముగ ఊగును. కట్టిన ఫ్లై యొక్క రెండవ ప్రక్కను చూచుటకు మాత్రమే అది ఉపకరించును. రెండవదానిలో కొక్కెపు కాడ సరిగా ఇరుసు గీత మీదనే ఉండును. ఒక చేత్తో వైసును త్రిప్పుచు, రెండవ చేత్తో ఈకను పట్టి ఉంచినచో, రాట్నపు కదురు మీద నూలువలె ఈక తనంత తానే చుట్టుకొనును. అమెరికాకు చెందిన రెంజెట్టి వైసులు ఈ రెండవ జాతికి పేరెన్నికగన్నవి. డెన్మార్కు వారి డాన్‌వైసు, ఇటలీకి చెందిన స్టోన్ఫో మొదలగునవి కూడ ఉన్నవి.

నా అభిప్రాయము అడిగినచో, మొదటి వైసుకు తిరుగుడు అవసరము లేదు. పుంజు మెడ ఈకను సమానముగా చుట్టుటకు అది ఉపయోగమే. కాని కొరమేను కప్పకు చుట్టుట కన్న అదిమికట్టుటయే ఎక్కువ పని. తిరుగు భాగములు పెరిగిన కొలది మరలు పెరుగును, మరలు పెరిగిన కొలది నల్లరేగడి దుమ్ము చేరు సందులు పెరుగును. అదే సొమ్ముకు తిరుగని గట్టి వైసు, తిరుగు నాసి వైసు రెండును దొరకినచో మొదటిదే కొనుడు. ఈ విషయములో నాతో ఏకీభవింపని మిత్రులున్నారు. వారు పరిగెలకు చిన్న ఫ్లైలు డజన్ల కొలది కట్టువారు. వారి పనికి వారి మాట సరియే.

బల్ల సంగతి

విదేశీ పుస్తకాలలో ఎవరును వ్రాయని విషయము ఇది. వైసును నిలుపుటకు రెండు మార్గములు. బల్ల అంచుకు బిగించు సి-క్లాంపు ఒకటి, బరువైన ఇనుప పీట ఒకటి.

సి-క్లాంపు గట్టిది, తేలికైనది, చవుకైనది. చెక్క బల్ల ఉన్నవారు దానినే తీసికొనవచ్చును. కాని మన జిల్లాలో పెక్కు ఇండ్లలో బల్ల యన్నచో గోడకు కట్టిన షాబాదు బండయే. బండ అంచున క్లాంపు మరను బిగించినచో పెచ్చు లేచును, లేదా జారును. పైనను క్రిందను సన్నని చెక్కముక్కలు పెట్టి బిగించిన కొంత నయము. కుట్టుమిషను బల్ల ఈ పనికి బహు బాగుగ ఉండును. ఎత్తు సరిపోవును, చెక్క అంచు ఉండును, పక్కన సొరుగు కూడ ఉండును. అయితే ఇంటిలో కుట్టుమిషను ఎవరిదో వారి అనుమతి ముందు తీసికొనవలెను. మా ఇంట ఈ విషయమై జరిగిన చర్చను ఇచట వ్రాయను.

నేల మీద కూర్చొని గుమాస్తా బల్ల వంటి పొట్టి బల్ల ముందు పనిచేయువారికి పీట వైసు మేలు. పీట బరువు రెండు కిలోలకు తగ్గరాదు. అంతకు తగ్గినచో దారము లాగినప్పుడు పీటయే మీ వైపు నడచివచ్చును. ఎట్లు కూర్చున్నను దవడలు మీ రొమ్ము ఎత్తునకు దాపున ఉండవలెను. మెడ వంచి గంటసేపు కట్టినవాడు మరునాడు మెడ త్రిప్పలేడు.

ధర, మరమ్మత్తు

మన దేశపు సాదా కాలెట్ వైసులు చవుక. పేరుపడిన అమెరికను వైసుల ధర అచటనే రెండు వందల డాలర్లకు పైమాట. రవాణా, దిగుమతి సుంకము చేర్చినచో ఇల్లు చేరునాటికి అది ఒక మంచి సైకిలు ధరను సులభముగా దాటును. అంత పెట్టదలచినవారు ఇంకొక సంగతి తెలిసికొనవలెను. అమెరికను వైసుల మరలు, అలెన్ కీలు తరచుగా అంగుళపు కొలతలో ఉండును. సింధనూరు, రాయచూరు దుకాణాలలో దొరకునవి మిల్లీమీటరు కొలతవి. ఒక చిన్న మర జారి పోయినచో, పెద్ద ధర పెట్టిన వైసు ఒక నెల మూలపడును. కొనునప్పుడే రెండు అదనపు మరలు, కీ తెప్పించుకొనుడు.

మూడవ మార్గము మన చేతిలోనే ఉన్నది. వరి మిల్లులు, హట్టి బంగారు గనులు ఉన్న ఈ జిల్లాలో మంచి లేత్ పనివారికి కొదువ లేదు. మా బాబాయి నా పాత వైసు మొండెమును, క్లాంపును అట్లే ఉంచి, దవడలను మాత్రము హైకార్బను ఉక్కుతో కొత్తగా తిరుగబోసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, పిమ్మట పెళుసుదనము పోవుటకు మరల సన్నని సెగ మీద పసుపువన్నె వచ్చువరకు కాచి ఇచ్చినాడు. ఈ రెండవ కాపుడు మరువరాదు. మొదటి కాపుడుతోనే ఆపినచో దవడలు గాజువలె పగులును. ఆ వైసు నేటికిని నా వద్ద పనిచేయుచున్నది. కంసాలులు వాడు చేతి వైసును ఒక చెక్కదిమ్మకు అమర్చి కొంతకాలము గడపుటయు సాధ్యమే. చిన్న కొక్కెములకు అది బాగుగనే పనిచేయును. పెద్దవాటికి చాలదు.

కట్టు సామగ్రి విషయములో ఒక హెచ్చరిక

వైసు కొన్నవాడు మరునాడు ఈకల కొరకు బయలుదేరును. పెరటి పుంజు మెడ ఈకలు, మేక వెంట్రుకలు, కంబళ్ళు నేయు దక్కను గొర్రెల నల్ల ఉన్ని, పాత హవాయి చెప్పుల రబ్బరు ఇవన్నియు మన ఊరిలోనే దొరకును. కప్పకు చెప్పుల రబ్బరును మించినది నేను చూడలేదు. నీటిపై తేలును, తడిసినను బరువెక్కదు. కాని పాత ఆంగ్ల పుస్తకాలలో అడవికోడి మెడ ఈకలు కావలెనని పదే పదే వ్రాసియుండును. అచ్చు మైనపు చుక్కలవలె మెరయు ఆ ఈకలు మన దక్షిణాది బూడిదరంగు అడవికోడివి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఆ పక్షిని వేటాడుట నిషిద్ధము. జింక వెంట్రుకలకును ఆ చట్టమే వర్తించును. ‘పాత సరుకు’ అని ఎవరైన అమ్మజూపినను తీసికొనరాదు. జైలుకు పోవునది అమ్మినవాడు ఒక్కడే కాదు.

వేటకు పోవు చోటు గూర్చియు విచారింపవలెను. చెరువులు, జలాశయములలో చేపల హక్కులు గుత్తకో లైసెన్సుకో ఇచ్చియుండును. హక్కుదారుని అడుగక గాలము వేయుట తగదు. అభయారణ్యములలోని నదులలో గాలపు వేటకు అనుమతి లేదు. తుంగభద్రలో ముద్లాపురము నుండి కంప్లి వరకు సుమారు 34 కిలోమీటర్ల మేర 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడినది. ఆ మేరలో నిబంధనలు కనుగొనక నీటిలో దారము వేయరాదు.

వైసు సంరక్షణ

ఇది రెండు మాటలలో ముగియును. వానకాలములో దవడలకు తుప్పు పట్టును. పని ముగిసిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాచి, మీటను వదులుగా విడిచి ఉంచవలెను. బిగించి ఉంచినచో స్ప్రింగు, కాలెట్ రెండును అలసిపోవును. మరల కట్టబోవునప్పుడు దవడల లోపలి నూనెను పూర్తిగా తుడువవలెను. నూనె ఉన్నచో కొక్కెము జారును. కొక్కెము జారినచో ఏమగునో నా పాత కళ్ళద్దము చూచినవారికి తెలియును. దానిని నేటికిని వైసు పక్కనే మేకుకు తగిలించి ఉంచినాను.